రెండు కుర్చీల పరీక్ష

మా విభాగంలో ఆమెకు పెట్టిన పేరు బేసి. పెట్టింది పిల్లలే. ఆ ఏడు క్లాసులో పన్నెండు మంది చేరి, ఇద్దరిద్దరు చొప్పున బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. పై బ్యాచిలో పరీక్ష తప్పి వెనక్కి వచ్చిన ఈమె కూడా వచ్చి కూర్చునేసరికి సరిగా ఉన్న లెక్క కాస్తా బేసి అయింది. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. కొన్నాళ్ళకు మొహం మీదే "బేసి అక్కా" అని పిలవడం మొదలుపెట్టారు. నా చెవిన పడితే మాత్రం నాలుగు దులిపేదాన్ని. ఆమె నన్నే ఆపేది.

"పోనీండి అక్కా. వాళ్ళు తప్పేం అనలేదుగా."

నేను ఆ విభాగం ఆఫీసులో పనిచేసేదాన్ని. అడ్మిషన్లు, హాజరు, గదుల తాళాలు, పరీక్ష రోజు గడియారం, అన్నీ నా నెత్తి మీదే. పిల్లలకు నేను ఆఫీసమ్మను. అన్నేళ్ళు అక్కడ కూర్చున్నా అర్థశాస్త్రం నాకు అంటలేదు గానీ, దాన్ని చదివేవాళ్ళు మాత్రం బాగానే అంటుకున్నారు. వాళ్ళందరిలోనూ ఎక్కువగా అంటుకున్నది ఈమె.

మా దగ్గరికి రాకముందు ఆమె బస్సు డిపోలో డ్యూటీలు వేసే గుమస్తా. తల్లీతండ్రీ లేని చెల్లెల్ని ఆ జీతంతోనే చదివించి, పెళ్ళి చేసి పంపింది. చెల్లెలికి సంసారం, మరిదికి వ్యాపారం. ఆదివారం పూట ఫోన్లో నాలుగు మాటలు. ఆ మాటల్లోనూ సగం "ఇంకా ఎన్నాళ్ళక్కా నీకీ చదువు?" అన్నవే. డిపోలో డ్రైవర్లు, కండక్టర్లు నెలంతా ఆమె కిటికీ దగ్గర మూగి డ్యూటీలు మార్చుకునేవాళ్ళు. నాకు తెల్లవారుజాము వద్దు, వాడి సాయంత్రం ఇప్పించు. ఆ రూటు వాడికి పోనీ, వాడి సెలవు నాకు రానీ. ఇలా మార్చుకుంటూ మార్చుకుంటూ ఒకచోటికి వచ్చాక, ఎవరూ ఆగమనకుండానే, అందరూ ఆగిపోయేవాళ్ళట. అక్కణ్ణుంచి ఇంకెవరూ ఎవరితోనూ మార్చుకోరు. ఎందుకు ఆగుతారు? సరిగ్గా అక్కడే ఎందుకు ఆగుతారు? ఈ ప్రశ్న ఆమెకు తలలో జోరీగలా పట్టుకుంది. దీనికోసం ఒక శాస్త్రమే ఉందని ఎవరో చెప్పారు. సాయంకాలం కాలేజీలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, నలభై దాటాక ఉద్యోగం వదిలేసి మా దగ్గర తేలింది. డిపోలో ఆమె కుర్చీలో అప్పుడే ఇంకెవరో వచ్చి కూర్చున్నారు.

మా దగ్గర ఆ చదువును అందరూ 'అడ్వాన్స్‌డ్ మైక్రో' అనేవాళ్ళు. అందులో రెండు భాగాలు. మొదటిది గేమ్ థియరీ: నువ్వేం చేస్తావో నేను ఊహించి, నేను అలా ఊహిస్తానని నువ్వూ ఊహించి, చివరికి ఇద్దరం ఎక్కడ నిలబడతాం అన్నది. రెండోది సాధారణ సమతౌల్యం: ఊళ్ళో ఉన్న సరుకులన్నిటికీ ఒకేసారి ధరలు కుదిరి, అమ్మేదీ కొనేదీ ఎక్కడా మిగలకుండా సరిపోతుందా అన్నది. ఈ రెండు ముక్కలూ ఆమె చెబితే నేర్చుకున్నవే, తప్పులుంటే నావి.

ఈ రెండో భాగానికి వారం వారం ఒక మధ్యాహ్నం సాధన ఉండేది. పిల్లలకు రంగు కార్డులు పంచేవాళ్ళు. పసుపు కార్డంటే గోధుమలు, నీలమంటే గుడ్డ, ఎరుపంటే కట్టెలు. ఒకరు బల్ల దగ్గర నిలబడి ధరలు పిలవాలి, అంటే గట్టిగా పైకి చెప్పాలి. ఆ ధరకు ఎవరికెంత కావాలో, ఎవరెంత అమ్ముతారో చేతులెత్తి చెబుతారు. కావలసింది ఎక్కువైతే పిలిచేవాళ్ళు ధర పెంచాలి, తక్కువైతే దించాలి. అన్నీ సరిపోయేదాకా ఒక్క కార్డు కూడా చేతులు మారకూడదు. పిలిచేవాళ్ళకు కార్డులుండవు. వాళ్ళు కొనరు, అమ్మరు. ఎప్పుడూ ఎవరు పిలిచేవాళ్ళో వేరే చెప్పాలా? మిగిలిపోయిన మనిషి ఒకరున్నాక ఇంకొకరిని అడగడం దేనికి?

పిలవడంలో మాత్రం ఆమెకు ఆమే సాటి. "కట్టెలు ఇందాక నాలుగుకే వద్దన్నావు, ఇప్పుడు అయిదుకు కావాలంటున్నావు. ఏది అబద్ధం?" అని పట్టుకునేది. పిల్లలు నాలుక కరుచుకునేవాళ్ళు. అంతా కుదిరాక గది గదంతా లేచి కార్డులు మార్చుకుంటూ గోల చేస్తుంటే, ఆమె వెనక్కి తిరిగి బోర్డు తుడుచుకునేది. తలుపు దగ్గర నిలబడి ఆ వీపు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది.

ఇక పరీక్ష సంగతి. మా విభాగానికి ఒక పెద్ద మేడం ఉండేవారు. ఎదుటి మనిషి లేకుండా ఈ శాస్త్రమే లేదు, కాబట్టి ఈ పరీక్షకు ఎవరినీ ఒంటరిగా కూర్చోబెట్టకూడదు అన్నది ఆవిడ పట్టు. ఆవిడ పెట్టిన ఆనవాయితీ ఇది: బోర్డుకు ఎడమవైపు ఒక కుర్చీ, కుడివైపు ఒక కుర్చీ. జతగా ఇద్దరు రావాలి. ఎడమ కుర్చీవాళ్ళు సిద్ధాంతం నిరూపించాలి, కుడి కుర్చీవాళ్ళు దాన్ని పడగొట్టాలి. ఫలితం ఇద్దరికీ ఒక్కటే. పాసైతే ఇద్దరూ, పోతే ఇద్దరూ. స్నేహం కొద్దీ మెత్తగా ప్రశ్నలు వేశారా, ఆ ఇద్దరికీ అంతే సంగతులు.

పోయిన ఏడు బేసికి జతగా దొరికిన కుర్రాడు కుడి కుర్చీలో కూర్చుని నీళ్ళు నమిలాడు. ఒక్కటంటే ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇద్దరూ పోయారు. వాడు బ్యాంకులో చేరిపోయి సుఖంగా ఉన్నాడు. ఈమెకు ఇదే ఆఖరి అవకాశం. ఈసారి పోతే పేరు కొట్టేస్తారు. వెనక్కి వెళదామంటే డిపోలో చోటు లేదు.

జతలు పిల్లలే కుదుర్చుకోవాలి. ఇద్దరూ కలిసి ఆఫీసుకు వచ్చి నాకు చెప్పాలి. ఎవరి జత ఎవరో గడువు అయ్యేదాకా నేను పెదవి విప్పకూడదు. ఎవరూ దొరకనివాళ్ళు నలుగురిలో నగుబాటు కాకూడదని ఆ నియమం పెట్టారు. ఆ వారమంతా నా కిటికీ దగ్గర రెండేసి తలలు కనబడుతూ వచ్చాయి. ఎప్పుడూ ముందు వరసలో ఉండే కళ్ళజోడు పిల్ల వచ్చింది, పక్కన ఒక పొడుగాటి కుర్రాడు. క్లాసులో సగంసేపు తూగే నిద్రమొహం వచ్చాడు, వాడి పక్కన మొహం గంటు పెట్టుకున్న ఒక అమ్మాయి. చివరికి ఆరు జతలూ అయ్యాయి. ఒంటికాయ శొంఠికొమ్ములా ఈమె మిగిలింది.

అంతకుముందే, జతలు ఇంకా సగం కూడా కుదరనప్పుడు, నేనే ఆగలేక, ఆమె తాళం చెవి కోసం వస్తే అడిగేశాను.

"ఏమ్మా, నువ్వింకా ఎవరితోనూ రాలేదేం?"

"ఎవరూ అడగలేదక్కా."

"నువ్వే అడగొచ్చుగా. నోట్లో నాలుక లేదా?"

ఆమె కిటికీకి చేతులానించి నిలబడింది. "ఆ కళ్ళజోడు పిల్లను అడిగాననుకోండి. కాదంటే నేను నొచ్చుకుంటానని ఒప్పేసుకుంటుంది. ఒప్పుకున్నాక, పోయినసారి తప్పినదానితో ఇరుక్కుపోయానే అని బెంగ పెట్టుకుంటుంది. ఆ బెంగతో పరీక్షలో తడబడుతుంది. నావల్ల ఆ పిల్ల కూడా పోతుంది. ఇంక ఆ పొడుగు కుర్రాడున్నాడు. వాడికి..."

"ఆపమ్మా తల్లీ! వాళ్ళందరి జవాబులూ నువ్వే చెప్పేస్తే, దేవుడు వాళ్ళకు నోళ్ళెందుకిచ్చాడు?"

నవ్వింది. నవ్వి, తాళం చెవి తీసుకుని వెళ్ళిపోయింది.

జత దొరకని మనిషిని ఏం చెయ్యాలో పెద్ద మేడంకి కూడా వెంటనే తోచలేదు. నియమాల కాగితం తెప్పించి చదివి, "నియమంలో రెండు కుర్చీలని ఉంది గానీ ఇద్దరు మనుషులని రాయలేదు కదా. రెండింట్లోనూ తననే కూర్చోమనండి" అన్నారు. తనను తాను పడగొట్టుకోవాలన్నమాట. మెత్తగా కొట్టుకుంటే అక్కడికక్కడే ఫెయిల్. గట్టిగా కొట్టుకుని లేవలేకపోయినా ఫెయిల్. ఈ కబురు చెబితే ఆమె బెదురుతుందనుకున్నాను. "సరే అక్కా, సాధన చేసుకుంటాను" అంది, అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక ఆమె గదికి వెళ్ళాను. సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద మేడగది. ఒక మంచం, కిటికీ కింద పుస్తకాలు, గోడకు నల్లరంగు పూసిన చెక్క. దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు. ఒకటి ఆమెది, కోడు ఊగుతోంది. రెండోది మెత్తటి దిండుతో నిగనిగలాడుతోంది.

"ఇంటావిణ్ణి అడిగి తెచ్చుకున్నాను. నాకోసం ఎవరో వస్తున్నారనుకుని మంచిది ఏరి ఇచ్చింది, పాపం" అంది.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి తన సాధన చూపించింది. ఎడమ కుర్చీలోంచి లేచి ఏదో రాస్తుంది, చెబుతుంది. కుడి కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, గొంతు మార్చి, "మీరు చెప్పింది నాకు నమ్మకంగా లేదు" అంటుంది. మళ్ళీ ఇటు వస్తుంది. నవ్వొచ్చింది నాకు మొదట. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఆమె అటుకూ ఇటుకూ తిరుగుతున్న తీరు చూస్తే, ఇది పరీక్ష కోసం కొత్తగా మొదలైన అలవాటులా అనిపించలేదు.

కిటికీ గట్టు మీద చొక్కా గుండీలు కొన్ని ఉన్నాయి. ఏమిటివి అని అడిగాను.

"సరి-బేసి ఆట అక్కా. చిన్నప్పుడు చెల్లీ నేనూ ఆడేవాళ్ళం. పిడికిట్లో గుండీలు పట్టుకుని సరా బేసా అంటే రెండోవాళ్ళు చెప్పాలి. గేమ్ థియరీలో మొదటి పాఠం అదే. ఒక్కదాన్నే ఆడగలనేమోనని చూశాను. కుదరదు. ఎడమచేతిలో ఎన్నున్నాయో కుడిచేతికి ముందే తెలిసిపోతుంది."

"తెలియక చస్తుందా!"

"అదేనక్కా. ఎదుటి మనిషంటే అంతే మరి. వాళ్ళ పిడికిట్లో ఏముందో మనకు తెలియకపోవడం."

గుండీలు ఏరి డబ్బాలో వేసేసింది. నాకు తాగడానికి నీళ్ళిచ్చింది. మెట్లు దిగి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, కొట్టు ముందు నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. సైకిళ్ళతను గాలి కొట్టడం ఆపి నావంక చూశాడు.

పరీక్ష రోజు ఆరు జతలవాళ్ళూ వరసగా లోపలికి వెళ్ళి వచ్చారు. అందరూ గట్టెక్కారు. నిద్రమొహం కూడా. పాసైనవాళ్ళు పాసైనట్టే కింద క్యాంటీన్‌లో చేరారు. ఆఖర్న ఆమె వంతు. పరీక్ష చేసేవాళ్ళు ఇద్దరు: పెద్ద మేడం, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఒక బట్టతల ప్రొఫెసరు. మూల బల్ల దగ్గర గడియారంతో నేను.

అందరికీ ఒకేసారి సరిపోయే ధరలు నిజంగా ఉంటాయని నిరూపించమన్నారు. ఎడమ కుర్చీలోంచి లేచి, బోర్డు నిండా రాసుకుంటూ పోయింది. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు గానీ, చేయి ఎక్కడా తడబడలేదని మాత్రం చూశాను. ముగించి, సుద్దముక్క పెట్టి, కుడివైపుకు నడిచి కూర్చుంది. రెండు మూడు ప్రశ్నలు వేసుకుంది. లేచి ఇటు వచ్చి జవాబు చెప్పింది. బట్టతలాయన తల ఊపాడు. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆయన కలం మూత పెట్టేస్తున్నాడు కూడా.

ఆమె మళ్ళీ కుడి కుర్చీలోకి వెళ్ళింది.

"ఇంకొక్క సందేహం" అంది, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ. "మీ సంతలో ఒకామె ఉందనుకోండి. ఆమె దగ్గర ఒకే ఒక సరుకుంది. అది ఎవరికీ అక్కర్లేదు. దాని ధర సున్నాకు దిగిపోతుంది. ఆమె చేతిలో ఏమీ మిగలదు. మీరు రాసిన నిరూపణలో ఆమె ఎక్కడుంది?"

లేచింది. ఎడమ కుర్చీ దగ్గరికి వచ్చి, కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడింది. నేను గడియారం చూశాను, ఆమెను చూశాను, మళ్ళీ గడియారం చూశాను. బోర్డు మీద తాను రాసినదంతా మొదటి నుంచీ చదువుకుంటోంది. దేవుడా, నోరు మూసుకుని ఉండలేకపోయిందా ఈ మనిషి అని నేను లోపల్లోపల తిట్టుకుంటున్నాను.

"నా నిరూపణలో ఆమె లేదు" అంది చివరికి. "ప్రతి ఒక్కరి దగ్గరా అన్ని సరుకులూ కాస్తో కూస్తో ఉన్నాయని మొదటి వరసలోనే అనేసుకున్నాను. ఆ మాట పైకి చెప్పకుండా దాటేశాను. అది తప్పు." పై వరస చేత్తోనే తుడిచేసి వేరేగా రాసింది. "అంత అనుకోనక్కర్లేదు. ప్రతి మనిషి దగ్గరా, ఇంకెవరో ఒకరికి కావలసినది ఏదో ఒకటి ఉందనుకుంటే చాలు. అప్పుడు ఎవరి చేయీ ఖాళీగా ఉండదు. మిగతాదంతా నిలుస్తుంది."

కుడి కుర్చీలోకి వెళ్ళకుండా అక్కణ్ణుంచే అటు తిరిగి, మారిన గొంతుతో అడిగింది. "ఉందని మీకెలా తెలుసు?"

ఇటు తిరిగింది. "తెలియదు. ఉందనుకోవాలి."

బట్టతలాయన కలం మూత తీసి ఏదో రాశాడు. పెద్ద మేడం బోర్డు మీది కొత్త వరసను మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత అన్నారు. "ఎడమ కుర్చీ పాస్. కుడి కుర్చీ కూడా పాస్."

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. గది సర్ది తాళం వేస్తానని ఆమె అంటే, నేను క్యాంటీన్‌కు పరుగెత్తాను. బల్లలు కలిపేసుకుని అందరూ ఒక్కచోట కూర్చున్నారు. చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. పాసైందని చెప్పగానే బల్లలు దబదబా బాదారు.

"అవకుండా ఎలా ఉంటుంది!" అంది కళ్ళజోడు పిల్ల. "మొదటి రోజే ఆమెను అడుగుదామనుకున్నాను తెలుసా? అన్ని లొసుగులు పట్టేవాళ్ళు క్లాసులో ఇంకెవరున్నారు? కానీ అప్పటికే ఎవరో ఒకరు అడిగేసుంటారు కదా. అడిగి కాదనిపించుకుంటే, తర్వాత ఎవరిని అడిగినా రెండో ఎంపికేగా అని మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఊరుకున్నా."

పక్కనున్న పొడుగు కుర్రాడు ఆ పిల్ల వంక గుడ్లప్పగించి చూశాడు. "నేనూ అందుకే ఊరుకున్నాను. ఆమె నీతో ఉందనుకున్నా. నువ్వొచ్చి నన్నడిగితే, ఓహో, ఇంకెవరో తన్నుకుపోయారన్నమాట అనుకున్నా."

"నేను మాత్రం?" అంది గంటు మొహం అమ్మాయి. "ఆమె ఎలాగూ దొరకదనేగా వీడితో సర్దుకున్నది!"

"నాకెవరూ దొరకరని నాకు ముందే తెలుసు" అన్నాడు నిద్రమొహం తీరుబడిగా. "అందుకే ఆలోచించకుండా కనబడినవాళ్ళను అడిగేశాను."

ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా నేనూ అంతే, నేనూ అంతే అన్నారు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఏడాది పొడుగునా ఎదుటివాడి బుర్రలో దూరడం నేర్చుకున్న పిల్లలు. ఆరిందాల్లా అందరూ ఆలోచించారు, ఒక్కరూ అడగలేదు.

"సరే గానీ, ఆ ఖాళీ కుర్చీ ఎవరికి?" అన్నాను.

"బేసి అక్కకే."

"పిలిచారా మరి?"

కళ్ళజోడు పిల్ల పొడుగు కుర్రాణ్ణి చూసింది. వాడు నిద్రమొహాన్ని చూశాడు. నవ్వులు ఆగిపోయాయి.

"మీ చదువులు తగలెయ్య!" అని తిట్టి, మళ్ళీ మేడ ఎక్కాను.

ఆమె బోర్డు తుడుస్తోంది. విన్నదంతా పూస గుచ్చినట్టు చెప్పాను. సంతోషిస్తుందనే చెప్పాను. చెయ్యి ఆగింది. డస్టర్ ఒళ్ళో పెట్టుకుని ఎడమ కుర్చీలో కూలబడింది.

"నిజంగానా అక్కా? ఆ పిల్ల కూడానా?"

"ఒట్టు."

"నేనెవరికీ అక్కర్లేదనుకున్నాను. దానికి అలవాటు పడిపోయాను. అది పెద్ద కష్టం కాదు." "ఇంతమందికీ కావలసి ఉండి కూడా, నాకు ఈ ఖాళీ గదీ ఈ కుర్చీలే మిగిలాయంటే... ఇదెలా ఓర్చుకోవాలో నాకు తెలియడం లేదు."

ఏడ్చింది. సుద్దపొడి చేతులతోనే మొహం తుడుచుకుంది. నేను వీపు నిమిరి, "పద, అందరూ నీకోసం కుర్చీ వేసుకుని కూర్చున్నారు" అన్నాను.

"మీరు నడవండి. మొహం కడుక్కుని వస్తాను."

కిందికి వచ్చి, వస్తోందని చెప్పాను. అందరూ తినకుండా కాచుకున్నారు. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూశారు. కాసేపటికి పొడుగు కుర్రాడు కిటికీలోంచి చూసి, "బస్సెక్కుతోంది" అన్నాడు.

మర్నాడు తాళం చెవి ఇవ్వడానికి వచ్చినప్పుడు చెడామడా కడిగేశాను.

"తలుపు దాకా వచ్చానక్కా" అంది నెమ్మదిగా. "అద్దంలోంచి చూశాను. అందరూ మాటలు మానేసి కూర్చున్నారు. మీరు తిట్టి నాకోసం కూర్చోబెట్టి ఉంటారు. నేను లోపలికొస్తే నవ్వలేక, నవ్వకుండా ఉండలేక ఇబ్బంది పడతారు. పాసైన రోజు వాళ్ళకెందుకది అని..."

"వాళ్ళను అడిగావా?"

ఆమె కిటికీ గట్టు మీద తాళం చెవి పెట్టి, అది కింద పడకుండా లోపలికి జరిపింది.

ఆ కుర్చీని వాళ్ళు చాలాసేపు అలాగే ఉంచి, చివరికి దానిమీద సంచులు పెట్టుకున్నారని నేను ఆమెకు చెప్పలేదు.